ఒకే ఫ్రేములో రాలిన చుక్క

పదకొండేళ్లలో లీలాకుమారి చేతి కింద ఏ నెగటివ్ మీదా ఒక్క గీత పడలేదు. ఆమెకున్న ఆస్తి అదొక్కటే. జూబ్లీహిల్స్ కొండ మీది ఫిలిం ల్యాబ్‌లో ఎవరైనా ఆమె గురించి చెప్పవలసి వస్తే, ఊరు తెనాలి అనో, మద్రాసులో పని నేర్చుకుందనో, పెళ్లి చేసుకోలేదనో చెప్పేవారు కాదు. "లీల చెయ్యి పడిందిలే" అనేవారు. అవతలివాళ్లు ఇంకేమీ అడిగేవారు కాదు.

నెగటివ్ కత్తిరించి అతికించడం ఆమె పని. కెమెరాలో వెలుగు తాగిన అసలు ఫిలిం అదే. థియేటర్లలో ఆడే కాపీలన్నీ దాని కడుపునే పుడతాయి. కాపీ పాడైతే ఇంకొకటి తీసుకోవచ్చు. నెగటివ్ మీద వెంట్రుకంత గీత పడితే అది శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ప్రతి తెర మీదా పడుతుంది. అందుకని ఆమె గోళ్లు మొదలంటా కత్తిరించుకునేది. తెల్లటి నూలు తొడుగులు వేసుకుని, ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలేది. ఆ గదిలోకి చీపురు రాకూడదు, తడిగుడ్డే. గాలిలో దుమ్ము తక్కువగా ఉంటుందని రాత్రి డ్యూటీ అడిగి వేయించుకుంది.

దుమ్మును అంతగా ద్వేషించిన మనిషి దుమ్ము కోసమే ఏడాదంతా ఎదురు చూడడం ఎనభై ఆరులో మొదలైంది.

ఆ ఏడు తోకచుక్క వచ్చింది. డెబ్భై ఆరేళ్లకోసారి వచ్చే చుట్టమని పేపర్లు నెలల తరబడి ఊదరగొట్టాయి. జనం దుర్భిణులు పట్టుకుని బండల మీదికెక్కారు. తీరా చూస్తే, పలక మీద తడిచెయ్యి తుడిచినట్టు ఒక మరక. "ఇంతేనా!" అని దిగిపోయారు. లీలాకుమారి కూడా అంతే అనుకుంది. శ్రీనగర్ కాలనీలో ఆమె అద్దెకున్న వెనక గది అచ్యుతరామయ్య గారిది. సైన్సు మాస్టారుగా రిటైరైన మనిషి. ఆయన మాత్రం నవ్వాడు.

"చుట్టానికేముందమ్మాయ్, వస్తాడు పోతాడు. కాళ్ల దుమ్ము మాత్రం దారంతా వదిలిపోతాడు. మే నెల మొదటి వారంలో మన భూమి ఆ దుమ్ములోంచి నడుస్తుంది. ప్రతి ఏడూ. తెల్లవారుజామున, కుంభరాశి తూర్పున లేచాక చూడు."

"దుమ్మా మాస్టారూ?"

"దుమ్మే. ఇసుక రేణువంత. అది మండితేనే మనం చుక్క రాలిందంటాం."

"మరి పేపర్లో రాయరేం?"

"మూడింటికి లేచేదెవరు? పాలవాళ్లూ, నువ్వూ. మీకోసం పేపరు వేస్తారా?"

ఆ మరుసటి సంవత్సరమే మాస్టారు పోయాడు. ఆ మాట మాత్రం ఆమె దగ్గర ఉండిపోయింది.

ల్యాబ్ వెనక ఏనుగు పడుకున్నట్టు ఒక పెద్ద బండ ఉండేది. పగటి వేడి దాని లోపల తెల్లవార్లూ మిగిలి ఉండేది. మే నెల మొదటి వారంలో మూడింటికి లీలాకుమారి తొడుగులు విప్పి, ఆ గోరువెచ్చని రాతి మీద వెల్లకిలా పడుకునేది. కాసేపు ఏమీ ఉండదు. చీకటి కంటికి అలవాటయ్యేదాకా ఆకాశం మూసిన తలుపులా ఉంటుంది. తర్వాత ఎవరో పిలవబోయి మానుకున్నట్టు, చూపు చివర ఒక సన్నటి మెరుపు. చూశానా, అనుకున్నానా అని తేల్చుకునేలోగా ఇంకొకటి. తూర్పు నుంచి పుట్టి నడినెత్తి దాకా సాగే పొడుగాటి మెరుపులవి. కొన్ని వెళ్లిపోయాక కూడా వెనక పలచని పొగ ఒక్క క్షణం నిలిచేది. మొదటి సంవత్సరం ఆరు చుక్కలు చూసింది. తన నోటుపుస్తకం చివరి పేజీలో తేదీ వేసి, ఆరు నిలువు గీతలు గీసుకుంది. అనుమానంగా ఉన్నదాని పక్కన చుక్క పెట్టేది. లేనిది రాయలేదు. ఉన్నది వదల్లేదు.

ఆమెకు మొదటి తోడు ఎల్లమ్మ. ల్యాబ్‌లో తడిగుడ్డ పెట్టే మనిషి. ఇల్లు ఫిల్మ్‌నగర్ బస్తీలో.

"చుక్క రాలితే ఎవలో ఒకలు పోయినట్టంటరమ్మా," అంది ఎల్లమ్మ, బండ మీద కాళ్లు చాపుకుని. "గిన్ని రాలుతున్నయంటే బస్తీ సగం ఖాళీ అయితది. జర కిరాయిలన్న తగ్గుతయేమో!"

రెండో తోడు రామకృష్ణ. అసిస్టెంట్ కెమెరామేన్. రాజమండ్రి వాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. షూటింగ్ అయిపోయాక ఫిలిం డబ్బాలు ల్యాబ్‌లో అప్పగించడానికి అర్ధరాత్రి వచ్చేవాడు. "అక్కా, నా డబ్బా తీసుకో, నీ డబ్బా ఇలా ఇవ్వు," అని ఆమె టిఫిన్ డబ్బాలోని పెరుగన్నం లాక్కుని తినేసేవాడు. ఎనభై ఏడులో ఒకసారి ఆమె వెనకాలే బండ ఎక్కి, మొదటి చుక్కకే లేచి నిలబడ్డాడు.

"అక్కా! ఇన్నాళ్లూ ఇది నువ్వొక్కదానివే చూస్తున్నావా? ఎంత స్వార్థం!"

"పడుకో. నిలబడితే మెడ పట్టేస్తుంది."

ఎనభై తొమ్మిది మేలో అమావాస్య సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. ఆకాశం కాటుక పట్టిన అరిచెయ్యిలా ఉంది. రామకృష్ణ కెమెరాతో వచ్చాడు. యూనిట్ వ్యానులో ఉండవలసిన కెమెరా.

"దీన్ని పడతానక్కా. ఒక్కో ఫ్రేమూ చేత్తో తిప్పి, రెండేసి నిమిషాలు కెమెరా కన్ను తెరిచి ఉంచుతా. ఆ రెండు నిమిషాల్లో రాలితే పడినట్టే."

"ఫిలిం ఎక్కడిది?"

"కెమెరాకు ఫిలిం ఎక్కించే మ్యాగజైన్లలో మిగిలిన ముక్కలు. ప్రొడక్షన్‌కు తిరిగిచ్చెయ్యాలి. ఎవడు చూడొచ్చాడు?"

ఎవరైనా చూస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ముడి ఫిలిం దొంగిలించాడంటే యూనియన్ కార్డు పోతుంది. పరిశ్రమలో మళ్లీ ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. తెలిసీ ఆమె కెమెరాకు చోటిస్తూ పక్కకు జరిగింది.

మూడు రాత్రులు తీశారు. రెండో రాత్రి నాలుగు కావస్తుండగా, తూర్పున పుట్టిన వెలుగు ఒకటి ఆకాశం సగం కోసుకుంటూ పోయింది. బండ మీద ముగ్గురి నీడలు ఒక్కసారి కదిలాయి. ఎల్లమ్మ "యమ్మా!" అంది. రామకృష్ణ చెయ్యి కెమెరా మీదే ఉంది, కెమెరా కన్ను తెరిచే ఉంది.

"పడిందక్కా! పడింది!"

వాడు ఏడుస్తున్నాడు. కెమెరా మనిషి పొద్దున్నే కెమెరాను తాకి ఆ చెయ్యి కళ్లకద్దుకుంటాడు. రామకృష్ణ అలాగే అద్దుకుని, ఆ చెయ్యి తిరిగి కెమెరా మీదే వేశాడు.

"ఒట్టక్కా. ఇది తెర మీద పడిన రోజున అందరి ముందూ చెబుతా. ఇది నిజం చుక్క, దీన్ని నాకు చూపించింది లీలక్క అని."

మూడు రోజుల తర్వాత ఆ నెగటివ్ ఆమె బల్ల మీదికి వచ్చింది. అద్దం బల్ల కింద ట్యూబులైటు వేసి చూసింది. నెగటివ్‌లో అన్నీ తారుమారు. ఆకాశం నారింజ రంగులో వెలుగుతోంది. చుక్కలు ఆవగింజల్లా నల్లగా ఉన్నాయి. ఒకే ఒక్క ఫ్రేములో, మూల నుంచి మూలకు, సన్నటి నల్లని గీత. ఇన్నేళ్లుగా తుడుస్తూ వచ్చిన దుమ్ము ఒక్కసారి ఆమెను పేరు పెట్టి పిలిచినట్టుంది. తొడుగు వేసుకున్న వేలితో కూడా దాన్ని తాకలేదు.

ఆ ముక్క సినిమాలోకి ఎలా వెళ్లిందో ఆమె అడగలేదు. హీరోయిన్ తండ్రి చనిపోయే ఘట్టం తర్వాత అయిదు సెకన్ల ఆకాశం కావాలని డైరెక్టరు అన్నాడనీ, తాను ఇచ్చాననీ రామకృష్ణ చెప్పాడు. ఆమెకు అది చాలింది. ఆ అతుకులు తన చేత్తోనే వేసింది.

ఆగస్టులో ఫస్ట్ కాపీ వచ్చింది. ల్యాబ్ కింది అంతస్తులోని చిన్న థియేటర్లో, జిల్లాల నుంచి వచ్చిన డిస్ట్రిబ్యూటర్లకు ప్రివ్యూ. నిర్మాత వెంకటేశ్వరరావు ఉదారంగా ఉన్నాడు. ఆట మొదలయ్యే ముందు రామకృష్ణ భుజం తట్టి, "మన తర్వాతి సినిమాకు కెమెరా నీదేనయ్యా," అన్నాడు. లీలాకుమారి వెనక తలుపు దగ్గర నిలబడింది. ఆ అయిదు సెకన్ల కోసమే వచ్చింది.

తండ్రి పోయాడు. ఆకాశం వచ్చింది. చుక్కలు ఒక్కసారి తూలినట్టు జరిగాయి, తెర మీద తెల్లటి గీత ఒకటి రెప్పపాటు మెరిసింది.

"గీత!" అన్నాడు ఒక డిస్ట్రిబ్యూటరు. "ఏంటండోయ్, రిలీజు కాకముందే టూరింగ్ టాకీసు ప్రింటు చూపిస్తున్నారు?"

నవ్వులు. వెంకటేశ్వరరావు ఆట ఆపించాడు. దీపాలు వెలిగాయి.

"పట్టాభిగారూ, ఏంటండీ ఇది? నెగటివ్ మీదే ఉందా?"

ఎడిటర్ పట్టాభిరామయ్య లేచి కళ్లజోడు సవరించుకున్నాడు. "చూడాలండీ. నెగటివ్ మా లీల చేతిలో అయింది, అలా జరగడానికి వీల్లేదు."

అందరూ వెనక్కి తిరిగారు. లీలాకుమారి రామకృష్ణ వైపు చూసింది. ఆమె ముఖంలో భయం లేదు. ఇప్పుడు చెబుతాడని దాదాపు నవ్వు కూడా ఉంది.

"ఆ షాటు నువ్వు తీసిందేగా?" అని రామకృష్ణను అడిగాడు నిర్మాత.

"అవునండీ. ట్రిక్ షాటండీ," అన్నాడు రామకృష్ణ. "నల్లగుడ్డకు సూదితో బెజ్జాలు పెట్టి, వెనక దీపం పెట్టి, స్టూడియో ఫ్లోర్‌లోనే తీశా. దానికి ముప్ఫై అడుగుల ఫిలిం అయిందని ఆ రోజు రిపోర్టులో రాయించానండీ."

నల్లగుడ్డ. లీలాకుమారికి ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ముందు చుక్కలు పోయాయి. తర్వాత బండ పోయింది. తర్వాత మూడు రాత్రులు.

"తీసినప్పుడు ఈ గీత ఉందా?"

"లేదండీ." అతను తెర వైపు చూస్తూ అన్నాడు. "కటింగ్‌లో పడి ఉంటుంది."

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "గీత పడితే నిలువుగా పడుతుందండీ. ఫిలిం వెంట ఫ్రేము ఫ్రేముకూ పోతుంది. ఇది ఒకే ఫ్రేములో, ఐమూలగా ఉంది. ఇది గీత కాదు."

"ఒకే ఫ్రేములో ఐమూలగా ఉందంటే గోరు తగిలిందన్నమాట!" అన్నాడు వెంకటేశ్వరరావు.

ఆమె రెండు చేతులూ చాపింది. మొదలంటా కత్తిరించిన గోళ్లు. ఎవరూ చూడలేదు.

టీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చిన ఎల్లమ్మ తలుపులో నిలబడి, నల్లగుడ్డ మాట దగ్గర్నుంచీ వింటోంది. "గీత గాదు సారూ, గది చుక్క. నేను గూడ సూసిన. ఈ అమ్మతోటి బండ మీదనే ఉంటి."

"ఓహో! నువ్వు ఏ సినిమాకి కెమెరామేనువమ్మా?" డిస్ట్రిబ్యూటరు మళ్లీ నవ్వించాడు.

"నగుతరేంది? గా సారు గూడ ఉండె. అడుగున్రి. కెమెరా పట్టుకొని ఆయనే ఏడ్సె."

వెంకటేశ్వరరావు రామకృష్ణ వైపు తిరిగాడు. "ఏమయ్యా?"

రామకృష్ణ నవ్వాడు. పెరుగన్నం తింటూ నవ్వే నవ్వే అది.

"భలేదానివి ఎల్లమ్మా! రాత్రి మూడింటికి, ఆవిడతో, బండల మీద నాకేం పనండీ?"

ఈసారి నవ్వులు వేరేగా ఉన్నాయి. ఒకరిద్దరు లీలాకుమారిని పైనుంచి కిందకు చూశారు. ఆమె నోరు తెరిస్తే చెప్పవలసింది ఒక్క మాటే. ఫిలిం ఎక్కడిదో చెబితే చాలు, అతని కార్డు ఆ సాయంత్రానికి ఉండదు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. అక్కా అని పిలిచిన ఆ గొంతు రెండేళ్లుగా ఆమె చెవిలో ఉంది. ఆమె ఇంకా అతను చెబుతాడనే చూస్తోంది. వెంకటేశ్వరరావు దీపాలు ఆర్పమన్నాడు. ఆట మళ్లీ మొదలైంది.

మర్నాడు పట్టాభిరామయ్య నెగటివ్‌ను భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"లీలా, ఇది గీత కాదు."

"తెలుసండీ."

"గీతైతే ఫిలిం గీసుకుపోవాలి. ఇక్కడ ఫిలిం నున్నగా ఉంది. ఇది కెమెరాలో పడిన వెలుగే." ఆయన భూతద్దం పక్కన పెట్టాడు. "ఇప్పుడెవరికి చెప్పనమ్మా? రిలీజు తేదీ వేసేశారు. ఆ ఫ్రేము కోసేసి అతికించు."

"నేనా?"

"ఇంకెవరిదుందీ అలాంటి చెయ్యి?"

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమె తొడుగులు వేసుకుంది. కత్తెర తీసింది. తను పదకొండేళ్లలో చేసిన అతుకులన్నిటికంటే శుభ్రమైన అతుకు అదే. తెర మీద ఆ చోట ఏదైనా ఉండేదని ఎవరూ కనిపెట్టలేరు. కోసిన ముక్కలు చెత్త డబ్బాలో వెయ్యాలన్నది నియమం. ఆ ఒక్క ఫ్రేమును మాత్రం తొడుగు వేళ్ల మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

మరుసటి నెల నుంచి ఆమెను పాజిటివ్ కాపీలు అతికే గదిలో వేశారు. పగటి డ్యూటీ. అక్కడ తొడుగులు అక్కర్లేదు, చీపురు కూడా వస్తుంది. ఎవరూ ఏమీ అనలేదు. "లీల చెయ్యి" అన్న మాట మాత్రం మెల్లగా మానేశారు. బండల సంగతి కొన్నాళ్లు కాఫీల దగ్గర నడిచింది.

తొంభైలో మే మొదటి వారమంతా తుపాను మబ్బులు. తొంభై ఒకటిలో అర్ధరాత్రి చంద్రుడు లేచి ఆకాశం పాలు పోసినట్టైంది. అయినా ఆమె శ్రీనగర్ కాలనీ నుంచి రెండున్నరకే బయల్దేరి నడిచొచ్చేది. బస్తీ మలుపులో ఎల్లమ్మ కలిసేది, చేతిలో కర్ర పట్టుకుని, "కుక్కలకు, మనుషులకు గూడ" అంటూ.

తొంభై రెండులో మళ్లీ చీకటి దొరికింది. అప్పటికి ఆ చుట్టూ ప్రహరీలు లేచాయి. పగలు బండలు పేలుస్తున్నారు. ఏనుగు బండకు వెనక భాగం లేదు. ఆ రాత్రి మూడున్నరకు కింద ఒక కారు ఆగింది. దాని దీపాలు బండ మీద పడి ఇద్దరి కళ్లూ చెదిరాయి.

"ఆర్పెయ్, ఆర్పెయ్!" అని అరిచింది ఎల్లమ్మ. "చీకటంత పాడు జేస్తివి!"

దీపాలు ఆరాయి. పైకి వచ్చిన మనిషి ఎవరో అడుగుల్లోనే తెలిసింది. రామకృష్ణ ఇప్పుడు కెమెరామేన్. నాలుగు సినిమాలు చేశాడు. కొంచెం దూరంలో కూర్చున్నాడు.

"అక్కా."

ఒక చిన్న చుక్క రాలింది. ఆమె పుస్తకంలో గీత గీసింది.

"ఆ రోజు... కార్డు పోయేదక్కా. నాన్నకు అప్పుడే ఆపరేషను. నీకు తర్వాత చెబుదామనుకున్నా. వచ్చి నీ ముఖం చూడలేకపోయా."

"మూడేళ్లయింది," అంది ఆమె.

"నా సినిమాకి నెగటివ్ నువ్వే చెయ్యాలి. నిర్మాతతో మాట్లాడా."

"ఏం చెప్పావు?"

"చెయ్యి మంచిదని చెప్పా."

"గీత గురించి?"

అతను కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఎల్లమ్మ ఒక తమలపాకు నోట్లో వేసుకుని నమలసాగింది. బండలోని వెచ్చదనం మెల్లగా దిగిపోతోంది.

అప్పుడు వచ్చింది. ఎనభై తొమ్మిది నాటి దానికంటే పెద్దది. తూర్పున ప్రహరీల మీంచి లేచి, పచ్చగా వెలుగుతూ, తలల మీదుగా పడమటికి సాగిపోయింది. రామకృష్ణ చిన్నపిల్లవాడిలా లేచి నిలబడ్డాడు.

"అక్కా! చూశావా! ఎంత పెద్దదో! చూశావా?"

పొగ ఇంకా ఆకాశంలో వేలాడుతోంది. లీలాకుమారి కళ్లు దాని మీదే ఉన్నాయి.

"లేదు," అంది.

"అదేంటక్కా, ఇటే చూస్తున్నావుగా! ఎల్లమ్మా, నువ్వు చూశావా?"

ఎల్లమ్మ లీలాకుమారి వైపు ఒకసారి చూసి, నమలడం ఆపింది. "ఏం సూసినవ్ సారూ? నాకేం గానరాలే. నల్లగుడ్డల బెజ్జం జర పెద్దగయినట్టుంది."

అతను ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తను ఒక్కడే చూసినదాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు చేతులు వేలాడేసుకున్నాడు. తర్వాత దిగిపోయాడు. కారు దీపాలు వేసుకోకుండానే మలుపు దాకా వెళ్లింది.

ఆ పొగ పలచబడి, వంకర తిరిగి, చివరికి ఎక్కడుందో చెప్పలేనట్టైంది. లీలాకుమారి పుస్తకం తెరిచింది. అప్పటికి ఆ రాత్రివి పదమూడు గీతలున్నాయి. పెన్ను పద్నాలుగో చోట ఆనించి చాలాసేపు ఉంచింది. ఆనిన చోట సిరా ఊరి చిన్న మచ్చయింది. గీయలేదు.

"గా పెద్దది రాస్తివా?" అంది ఎల్లమ్మ.

"లేదు."

"మరి సూస్తివి గదా!"

"చూశాను," అంది లీలాకుమారి. ఆ మాట ఎల్లమ్మ తప్ప ఎవరూ వినలేదు. ఆరేళ్ల పుస్తకంలో మొదటిసారి చూసినది రాయకుండా, ఆమె పెన్ను మూత పెట్టింది.